మూసిన వ్యాపారాన్ని మహమ్మారి వేళ మెట్టుమెట్టుగా తెరవడం ఎలా: చిన్న వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు వ్యాపారం ఎలా మూయాలో ఎవరూ ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. షట్టరు దించి తాళం వేస్తే పని పూర్తయింది. తెరవడం అంత సులువుగా జరగలేదు. జూన్ 8న హోటళ్లకూ మాల్స్‌కూ అనుమతి వచ్చినప్పుడు కొందరు ఆ ఉదయమే పాత పద్ధతిలోనే తలుపులు బార్లా తీశారు, కొందరు భయంతో మరో రెండు నెలలు మూసే ఉంచారు. ఈ రెండింటికీ మధ్య నిదానంగా, లెక్కగా తెరిచే దారి ఒకటి ఉంది. తెలుగు రాష్ట్రాల్లోని కిరాణా, బట్టల దుకాణం, టిఫిన్ హోటలు, సెలూన్, చిన్న వర్క్‌షాపు వంటివాటిని దృష్టిలో పెట్టుకొని, 2020, 2021లలో నేర్చుకున్న పాఠాలతో ఆ దారిని ఇక్కడ వివరిస్తున్నాను. గాలి ద్వారా వ్యాపించే మరో జబ్బు రేపు వచ్చినా ఇందులో చాలా భాగం అలాగే పనికివస్తుంది.

అన్నింటికన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది. తెరవడంలోని ఒక్కో దశను మెట్టు అంటున్నాను, నాలుగు మెట్లూ ఏమిటో ఐదవ అడుగులో ఉంది. ఒక మెట్టు ఎక్కిన తరువాత కనీసం 14 రోజులు అక్కడే ఆగాలి, ఆ మెట్టు ఎక్కకముందే అవసరమైతే ఎలా దిగాలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మొదట వచ్చిన కరోనా వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి సగటున 5 నుంచి 6 రోజులు, కొందరిలో 14 రోజుల వరకూ పట్టేది. అంటే ఈ సోమవారం మీరు లోపల కూర్చోవడానికి అనుమతిస్తే, అది మంచి నిర్ణయమో కాదో వచ్చే సోమవారానికి కూడా పూర్తిగా తెలియదు. వారానికో సడలింపు ఇస్తూ పోయినవారికి చివరికి ఇబ్బంది వచ్చినప్పుడు, అది ఏ సడలింపు వల్ల వచ్చిందో చెప్పుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

మొదటి అడుగు: అనుమతి వేరు, సిద్ధంగా ఉండడం వేరు

ప్రభుత్వ ఉత్తర్వు మీ వ్యాపారాన్ని తెరవవచ్చు అంటుందే తప్ప, ఈ రోజే తెరిచి తీరాలని అనదు. ఉత్తర్వును వాట్సాప్‌లో వచ్చిన రెండు వాక్యాల సారాంశంగా కాకుండా మొత్తం చదవండి. కేంద్రం అనుమతించినదాన్ని రాష్ట్రం ఆపవచ్చు. 2020 ఏప్రిల్ 20 తరువాత కేంద్రం కొన్ని సడలింపులు ఇచ్చినా తెలంగాణ వాటిని అప్పుడు అమలు చేయలేదు. రాష్ట్రం అనుమతించినా మీ వీధి కంటైన్‌మెంట్ జోన్‌లో, అంటే కేసుల వల్ల రాకపోకలు ఆపేసిన ప్రాంతంలో ఉంటే కలెక్టరు ఆదేశమే చెల్లుతుంది.

తరువాత మీ జిల్లా పరిస్థితి చూడాలి. రోజువారీ కేసుల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే పరీక్షలు తగ్గిస్తే కేసులూ తగ్గినట్టే కనిపిస్తాయి. వంద పరీక్షలకు ఎన్ని పాజిటివ్ వస్తున్నాయో చూడండి. తెరిచే ముందు ఈ శాతం వరుసగా 14 రోజులు 5 కన్నా తక్కువగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో సూచించింది. దానితోపాటు మీ ఊరి ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలు ఖాళీ ఉన్నాయో లేవో కనుక్కోండి. పక్క ఊళ్లతో మీ వ్యాపారానికి ఉన్న రాకపోకలనూ లెక్కలోకి తీసుకోవాలి. 2020 మేలో చెన్నై కోయంబేడు మార్కెట్‌లో మొదలైన వ్యాప్తి కూరగాయల రవాణాతోపాటు చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు చేరింది. అమ్మకం మీ ఊళ్లోనే జరిగినా సరుకు ఎక్కడి నుంచి వస్తున్నదో ఆ చోటి పరిస్థితి కూడా మీ పరిస్థితే.

రెండవ అడుగు: మనుషులకన్నా ముందు చోటును లేపండి

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. రెండు మూడు నెలలు మూసి ఉన్న చోటు మీరు వదిలి వెళ్లిన చోటులా ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి ట్యాంకులో నిలవ ఉండిపోయిన రసాయనం లోలోపల వేడెక్కడంతో ఆ ఘోరం జరిగింది. రెండు రోజులకు, మే 9న, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పరిశ్రమలను తిరిగి తెరవడంపై మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటి వారాన్ని పూర్తిగా ట్రయల్ రన్‌గానే చూడాలనీ, ఎక్కువ ఉత్పత్తి సాధించాలని ఆత్రపడకూడదనీ అందులో స్పష్టంగా ఉంది. పెద్ద కర్మాగారానికి చెప్పిన ఈ మాట పది మంది పనిచేసే వర్క్‌షాపుకూ, ఇద్దరు పనిచేసే టిఫిన్ బండికీ సరిపోతుంది.

చిన్న వ్యాపారంలో ఈ ప్రమాదం ఎలా ఉంటుందో ఆ జూన్‌లో మా వీధి చివరి టిఫిన్ హోటల్లో కళ్లారా చూశాను. మర్నాడు తెరవాలని వంటమనిషి పొయ్యి వెలిగించబోతుండగా, యజమానికి ఎందుకో అనుమానం వచ్చి గ్యాసు గొట్టాన్ని చేత్తో తడుముతూ వెళ్లాడు. బల్ల వెనక గోడకు ఆనుకున్న చోట ఎలుకలు గొట్టాన్ని జానెడు మేర కొరికేశాయి. పైనున్న ఆరెంజ్ రంగు రబ్బరు తొక్క లేచిపోయి లోపలి పొర కనిపిస్తోంది. రెగ్యులేటరు తిప్పి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.

కాబట్టి తెరవడానికి కనీసం నాలుగు రోజుల ముందు ఇద్దరు మనుషులు మాత్రమే వెళ్లి, ఈ వరుసలో పని చేయాలి. వరుస మార్చకండి. ముందు తలుపులు, కిటికీలు తీసి ఒక గంట గాలి ఆడనివ్వండి, ఆ గంటసేపూ ఏ స్విచ్చీ వేయవద్దు. గ్యాసు వాడేచోట గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివర వరకూ చూసి, అనుమానం ఉన్నా, దాని మీద ముద్రించిన గడువు దాటినా కొత్తది వేసి, సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో పరీక్షించండి. ఆ తరువాతే కరెంటు. మెయిన్ వేసే ముందు ఫ్యూజులు, వైర్లు ఎలుకలు కొరికిన గుర్తులు ఉన్నాయేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, ఒక్కో లైనూ విడివిడిగా వేయించాలి. గ్రైండర్లు, కుట్టుమిషన్లు, కంప్రెషర్లు మొదట లోడు లేకుండా తిప్పాలి. సంపులోనూ ఓవర్‌హెడ్ ట్యాంకులోనూ నెలల తరబడి నిలిచిన నీళ్లను పూర్తిగా తీసేసి, కడిగి, కొత్త నీళ్లు నింపి, ప్రతి కుళాయినీ కొన్ని నిమిషాలు వదిలేయండి. నిలవ నీటిలో పెరిగే లీజియోనెల్లా బాక్టీరియా తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు సోకుతుంది కాబట్టి ఇది ఒట్టి శుభ్రత విషయం కాదు. చివరగా సరుకు. గడువు దాటినవి, పురుగు పట్టినవి, చెమ్మ తగిలినవి ఒక మూలకు చేర్చి, వాటి విలువ చిట్టాలో నష్టంగా రాసి పారేయండి. నష్టం చూడలేక సగం ధరకు అమ్ముదామనే ఆలోచన తిండి సరుకుల విషయంలో ఎప్పటికీ వద్దు.

మూడవ అడుగు: గాలి

2020లో మనమంతా గల్లాపెట్టెను తుడవడానికి పెట్టిన శ్రద్ధలో సగం కిటికీ తెరవడానికి పెట్టలేదు. తుడవడం తప్పని కాదు. ఈ జబ్బు ప్రధానంగా ఊపిరి ద్వారా, ఒకే గాలిని ఎక్కువసేపు పంచుకోవడం ద్వారా పాకుతుంది. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంటులో పక్కపక్క బల్లల దగ్గర భోజనం చేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి జబ్బు వచ్చింది. అక్కడ కిటికీలు లేవు, ఏసీ గాలి ఆ బల్లల మధ్యనే తిరుగుతూ ఉండేది. అదే ఏడాది మార్చిలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఒక కాల్‌సెంటరులో 11వ అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి పాజిటివ్ వచ్చింది. లిఫ్టుల్లో, లాబీల్లో మిగిలిన అంతస్తులవారితో కలిసి తిరిగినా, వ్యాప్తి దాదాపుగా ఆ ఒక్క అంతస్తుకే పరిమితమైంది. పక్కనుంచి వెళ్లడంకన్నా గంటల తరబడి ఒకే గదిలో కూర్చుని మాట్లాడడంలోనే ప్రమాదం ఎక్కువని దీనివల్ల తెలుస్తుంది.

మీ చోట గాలి ఎలా ఆడుతున్నదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం లేకపోయినా ఒక అగరుబత్తి చాలు. ఫ్యాన్లన్నీ ఆపి, తలుపు తీసి ఉంచి, వెలిగించిన అగరుబత్తిని ఛాతీ ఎత్తులో పట్టుకొని గల్లాపెట్టె దగ్గర, ట్రయల్ రూము ముందర, వంటగది గుమ్మంలో, వెనక గోదాములో ఒక్కో నిమిషం నిలబడండి. పొగ ఒక వైపుకు సాగి బయటికి పోతుంటే మంచిదే. నిటారుగా లేచి తల మీదే గొడుగులా పరుచుకొని నిలిచిందా, అక్కడ గాలి చచ్చిపోయినట్టే. ఆ చోట మనిషిని రోజంతా కూర్చోబెట్టకూడదు. తరువాత వెనక గోడలో ఉన్న ఎగ్జాస్టు ఫ్యాన్ వేసి మళ్లీ చూడండి. ముందు తలుపు నుంచి గాలి లోపలికి వచ్చి, మనుషుల మీదుగా సాగి, వెనక నుంచి బయటికి పోయేలా ఏర్పాటు కుదిరేవరకూ ఫ్యాన్లను అటూ ఇటూ మార్చి పరీక్షిస్తూనే ఉండాలి. టేబుల్ ఫ్యాన్‌ను ఒక మనిషి మీదుగా ఇంకో మనిషి మొహానికి కొట్టేలా పెట్టడం ఈ విషయంలో అందరూ చేసే పొరపాటు.

ఏసీ లేకుండా కుదరని చోట ఉష్ణోగ్రత 24 నుంచి 30 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉంచి, వీలైనంత బయటి గాలి లోపలికి రానివ్వాలని 2020 జూన్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. మన ఊళ్లలోని స్ప్లిట్ ఏసీలు బయటి గాలిని తీసుకోవు, లోపలి గాలినే చల్లబరిచి తిప్పుతాయి. ఏసీ నడిచేటప్పుడు కూడా ఒక కిటికీ జానెడు తెరిచి ఉంచి, ఎగ్జాస్టు నడపాలి. కరెంటు బిల్లు పెరుగుతుంది, నిజమే. ఆ పెరుగుదలను తెరవడానికయ్యే ఖర్చులో భాగంగా ముందే లెక్కవేసుకోండి.

నాలుగవ అడుగు: పనివాళ్లతో మాట్లాడడం, జట్లు కట్టడం

తెరిచే తేదీ ఖాయం చేసే ముందు ఒక్కొక్కరితో ఫోనులో విడిగా మాట్లాడండి. ఇంట్లో పెద్దవాళ్లున్నారా, షుగరు, ఆస్తమా వంటివి ఉన్నాయా, ఏ బస్సులో వస్తారు అన్నవి అందరి ముందూ అడిగితే నిజం బయటికి రాదు. సొంత రాష్ట్రాలకు వెళ్లిపోయినవారు వెంటనే వస్తారని అనుకోవద్దు. 2020 మే 1న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొట్టమొదటిది బయలుదేరింది మన లింగంపల్లి నుంచే, ఝార్ఖండ్‌లోని హటియాకు. అలా వెళ్లినవారిని తిరిగి పిలిచేటప్పుడు టికెట్టు ఖర్చు, వచ్చాక ఉండడానికి గాలి ఆడే గది, క్వారంటైన్ రోజుల కూలి మీరే భరించాలి. పది మందిని ఒకే రేకుల షెడ్డులో పడుకోబెట్టి పగలు దూరం పాటించమనడంలో అర్థం లేదు.

ఉన్నవారిని రెండు జట్లుగా విడగొట్టండి. మొదటి జట్టు ఒక వారం, రెండవ జట్టు తరువాతి వారం పనిచేస్తే, ఒకరికి జబ్బు వచ్చినా వ్యాపారం మొత్తం మూతపడదు. రెండు షిఫ్టులు నడిపేచోట షిఫ్టుల మధ్య గంట వ్యవధి ఉండాలని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర హోంశాఖ చెప్పింది. ఆ గంటలో తలుపులన్నీ తీసి గాలి మార్చండి. భోజనం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. పని చేస్తున్నంతసేపూ మాస్కు పెట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు క్యారేజీలు విప్పి, గుండ్రంగా కూర్చుని, ఒకరి కూర ఒకరికి వడ్డించుకుంటారు. ఇది మన అలవాటు, మంచి అలవాటు కూడా. దాన్ని తిట్టి మాన్పించకండి. డాబా మీదో చెట్టు కిందో విశాలమైన చోటు చూపించి, ఇద్దరిద్దరుగా వేళలు మార్చి పంపండి.

మాస్కు సంగతి అనుభవమే చెప్పింది. 2020 మేలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక సెలూన్‌లో జబ్బు ఉన్న ఇద్దరు క్షురకులు, ఆ సంగతి తేలేలోపు 139 మందికి పనిచేశారు. ఇరువైపులా మాస్కులు ఉన్నాయి. పరీక్ష చేయించుకున్న 67 మందిలో ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. ముక్కు కిందికి దిగని, చెంపల పక్క సందు లేని మాస్కును మీరే కొని ఇవ్వండి.

ఇక జీతం. ఒంట్లో బాగా లేకపోతే రావద్దని బోర్డు పెట్టి, రాని రోజుకు కూలి కోసేస్తే ఎవరూ జ్వరం సంగతి చెప్పరు, పారాసెటమాల్ వేసుకొని వస్తారు. మాత్రతో వేడి తగ్గిపోతుంది కాబట్టి గుమ్మం దగ్గర నుదుటి వేడి చూసే థర్మల్ గన్‌కు జ్వరం దొరకదు. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద అర్హత ఉన్నవారికి జబ్బు సెలవులో జీతంలో 70 శాతం వరకూ, ఏడాదికి 91 రోజుల దాకా భృతి వస్తుంది. మిగిలినవారికి కనీసం మొదటి వారం పూర్తి కూలి మీరు ఇస్తామని నోటితో కాకుండా రాసి ఇవ్వండి. నా దృష్టిలో ఈ మార్గదర్శిలో పెట్టే ఖర్చులన్నింటిలోకీ ఎక్కువ రక్షణ ఇచ్చేది ఈ ఖర్చే.

ఐదవ అడుగు: మెట్లు

మొదటి మెట్టులో కొనుగోలుదారు లోపలికి రాడు. గుమ్మానికి అడ్డంగా బల్ల వేసి, ఫోనులోనో వాట్సాప్‌లోనో వచ్చిన జాబితా ప్రకారం సరుకు కట్టి ఇస్తారు, టిఫిన్ హోటలైతే పార్సెళ్లు మాత్రమే. రెండవ మెట్టులో లెక్కగా కొద్దిమందిని లోపలికి రానిస్తారు. ఆ లెక్క ఎలాగంటే, 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న దుకాణం 600 చదరపు అడుగులు. అందులో బీరువాలు, బల్లలు సగం ఆక్రమిస్తే మనుషులు నిలిచేది 300 చదరపు అడుగుల్లో. మనిషికి ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే 36 చదరపు అడుగులు ఇస్తే, ఎనిమిది మంది. మీవాళ్లు ముగ్గురుంటే కొనేవాళ్లు ఐదుగురే. గుమ్మం దగ్గర ఐదు టోకెన్లు పెట్టండి, టోకెను చేతిలో లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు. మూడవ మెట్టులో సగం సామర్థ్యం వరకూ వెళ్లవచ్చు. హోటలు లోపల కూర్చుని తినడం, బట్టల దుకాణంలో ట్రయల్ రూము ఈ మెట్టులోనే మొదలవ్వాలి. నాలుగవ మెట్టు మామూలు వేళలు, మామూలు రద్దీ.

అందరికీ ఒకే వేగం సరిపోదు. కిరాణా రెండవ మెట్టుకు త్వరగా చేరుతుంది, ఎందుకంటే వచ్చినవాడు పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. మాస్కు తీయక తప్పని హోటలు, రొప్పుతూ ఊపిరి పీల్చే జిమ్, గంటల తరబడి వందలమంది కూర్చునే ఫంక్షన్ హాలు వెనకబడడం న్యాయం. 2020లో జిమ్‌లకు ఆగస్టు 5న, సినిమాహాళ్లకు సగం సీట్లతో అక్టోబరు 15న మాత్రమే కేంద్రం అనుమతి ఇచ్చింది కూడా ఈ కారణంతోనే.

ఒక హెచ్చరిక. శ్రావణమాసం ముహూర్తాలకూ, దసరాకూ, సంక్రాంతికీ ముందు పదిహేను రోజుల్లో కొత్త మెట్టు ఎక్కవద్దు. పండగ రద్దీ దానంతట అదే ఒక మెట్టు. పట్టుచీరలు కొనడానికి ఒక్క పెళ్లికూతురి వెంట పదకొండు మంది రావడం మనకు తెలుసు. ముగ్గురే రావాలని, వేళ ముందే చెప్పుకోవాలని, మిగిలినవారికి వీడియోకాల్‌లో చీరలు చూపిస్తామని వినయంగా చెబితే చాలా కుటుంబాలు ఒప్పుకుంటాయి.

ఆరవ అడుగు: శుభ్రత, క్లుప్తంగా

అందరూ ముట్టుకునే పిడులు, కార్డు మిషను, టోకెన్లు రోజుకు నాలుగైదు సార్లు తుడిస్తే చాలు. సుమారు 30 శాతం క్లోరిన్ ఉండే మామూలు బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములు లీటరు నీటిలో కలిపితే ఒక శాతం ద్రావణం వస్తుంది. దాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి, పది నిమిషాలు ఆరనిచ్చి ఇనుప వస్తువుల మీద నీళ్లతో తుడిచేయాలి. యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ కలపకూడదు. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. మనుషుల మీద ఏ ద్రావణమూ చల్లవద్దని ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. శానిటైజరు పూసుకున్న చేతులు పూర్తిగా ఆరకుండా పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, వంటగదిలో సబ్బే మేలు. శానిటైజరు డబ్బాలు తాళం వేసిన బీరువాలో ఉంచండి. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజరు తాగి పలువురు చనిపోయారు.

ఏడవ అడుగు: పనివారిలో ఒకరికి పాజిటివ్ వస్తే

వస్తుందనే అనుకొని సిద్ధపడాలి. ఆ రోజు ఎవరు ఎవరి పక్కన పనిచేశారో, ఎవరితో భోజనం చేశారో రోజూ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే, ఫోను వచ్చిన పది నిమిషాల్లో ఎవరిని ఇంటికి పంపాలో తేలుతుంది. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి, ఆరడుగుల లోపు, రోజు మొత్తంమీద 15 నిమిషాలకు మించి కలిసినవారిని విడిగా ఉంచి పరీక్ష చేయించాలి. ఆ జట్టు ఆగుతుంది, రెండవ జట్టు వస్తుంది. జబ్బు వచ్చినవారు పనిచేసిన గదిని మూసి, కిటికీలు తెరిచి, మర్నాడు తుడిచి వాడుకోవచ్చు. జబ్బు వచ్చినవారి పేరు గుమ్మం మీద రాయకండి, వీధిలో చెప్పకండి. 2020లో అద్దె ఇళ్ల నుంచి ఖాళీ చేయించిన సంఘటనలు విన్నవాళ్లు మళ్లీ పరీక్షకే వెళ్లలేదు. పేరు దాచి, ఫలానా రోజు ఫలానా వేళ వచ్చినవారు జాగ్రత్తపడండని చెబితే సరిపోతుంది.

డబ్బు గురించి

సగం మందితో నడిచే దుకాణానికి అద్దె, కరెంటు మాత్రం సగం కావు. ఒక్కో మెట్టు దగ్గర రోజుకు ఎంత అమ్మితే రోజు ఖర్చు గట్టెక్కుతుందో తెరవకముందే లెక్కవేసి, మొదటి రెండు మెట్లు నష్టంతోనే నడుస్తాయని ఒప్పుకొని, కనీసం రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. యజమానితో అద్దె తగ్గింపు మాట్లాడితే, కుదిరిన మాటను కాగితం మీద పెట్టించండి. 2020 మార్చి నుంచి ఆగస్టు వరకూ రిజర్వు బ్యాంకు వాయిదాలపై ఇచ్చిన మారటోరియాన్ని చాలామంది మాఫీ అనుకున్నారు. వాయిదా ఆగింది కానీ వడ్డీ ఆగలేదు. వీలున్నవారు కట్టేయడమే లాభం. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల స్వనిధి రుణం, చిన్న పరిశ్రమలకు అదనపు హామీ లేకుండా పాత బాకీలో 20 శాతం వరకూ ఇచ్చిన అత్యవసర రుణం అప్పట్లో ఆదుకున్నాయి. ఇలాంటివి ప్రకటించినప్పుడు మొదటి వారంలోనే బ్యాంకుకు వెళ్లగలిగేలా జీఎస్టీ, ఉద్యమ్ నమోదు కాగితాలు ముందే సరిచేసి పెట్టుకోండి.

చివరి అడుగు: దిగే దారి

2021 ఏప్రిల్‌లో రెండవ ఉద్ధృతి వచ్చేనాటికి మనలో చాలామంది టోకెన్లు ఎక్కడ పడేశామో కూడా మరచిపోయాం. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాటాక కర్ఫ్యూ, మే 12 నుంచి తెలంగాణలో ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు వచ్చాయి. ఆ నాలుగు గంటల్లో కిరాణాల ముందు ఎంత గుంపు చేరిందో గుర్తున్నవారికి, వేళలు కుదించడమే రక్షణ కాదని తెలుసు. ఇలాంటప్పుడు మొదటి మెట్టుకు దిగి, జాబితాలు ముందురోజు రాత్రే తీసుకొని, ఇంటింటికీ వేళ కేటాయించినవారి గుమ్మం ముందు గుంపు చేరలేదు.

కాబట్టి దిగే గుర్తులను ఇప్పుడే, తల చల్లగా ఉన్నప్పుడే రాయండి. జిల్లాలో పాజిటివ్ శాతం వరుసగా మూడు రోజులు 5 దాటితే ఒక మెట్టు దిగుతాం. పనివాళ్లలో వారంలో ఇద్దరికి వస్తే ఒక మెట్టు దిగుతాం. ఊరి ఆసుపత్రిలో ఆక్సిజన్ పడకలు నిండితే, ఉత్తర్వు వచ్చినా రాకపోయినా, మొదటి మెట్టుకు దిగుతాం. ఈ మూడు వాక్యాలు, ఇప్పుడున్న మెట్టు, దాన్ని ఎక్కిన తేదీ, తరువాతి మెట్టు గురించి ఆలోచించదగిన తేదీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, రోజూ షట్టరు ఎత్తే మనిషికి కనిపించేలా లోపలి గోడకు అంటించండి. దిగవలసి వస్తే పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసి, మళ్లీ 14 రోజులు లెక్కపెట్టండి.